మలుపు దగ్గరే మజా

ఎదురుగా కుడివైపు మలుపు. కారు రెండొందల కిలోమీటర్ల వేగం దాటేసింది. నిజం రోడ్డు మీదైతే ఈపాటికే బ్రేకు తొక్కి, గేరు తగ్గించి, గుండె చిక్కబట్టుకుని ఉండాలి. ఇక్కడ అవేవీ అక్కర్లేదు. యాక్సిలరేటర్ బటన్ మీంచి బొటనవేలు ఒక్క క్షణం లేపాలి. కారును మలుపులోకి తిప్పాలి. వెంటనే బటన్ మళ్లీ నొక్కాలి. అంతే, టైర్లు కీచుమంటాయి, వెనక భాగం ఎడమకు విసురుగా జారుతుంది, ముక్కు లోపలి గోడను చూస్తుంటుంది, బండి మాత్రం రోడ్డును వదలకుండా అడ్డంగా జారుకుంటూ పోతుంది. మలుపు అవతల మళ్లీ తిన్నగా సర్దుకుంటుంది. ఈలోగా స్క్రీన్ మీద వేగం పెంచే నైట్రస్ ట్యాంకు నిండుతూ ఉంటుంది. మలుపు దాటాక దాన్ని వదిలితే ముందున్న రెండు కార్లు వెనకబడతాయి.

ఇది రిడ్జ్ రేసర్. నామ్కో సంస్థ తయారుచేసింది. 2004 డిసెంబరు 12న జపాన్‌లో సోనీ చేతి గేమింగ్ పరికరం పీఎస్పీ అమ్మకాలు మొదలైన రోజే ఈ ఆటా దుకాణాల్లోకి వచ్చింది. అక్కడ దాని పేరు రిడ్జ్ రేసర్స్. ఆ తర్వాత చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ పరికరాల మీద కార్ రేసింగ్ ఆటలు చాలా వచ్చాయి. 2005లో మారియో కార్ట్ డీఎస్ వచ్చింది, బర్నౌట్ లెజెండ్స్ వచ్చింది, మరుసటి ఏడాది సెగా వాళ్ల ఔట్‌రన్ వచ్చింది. అన్నీ మంచివే. అయినా ఆర్కేడ్ రేసింగ్ అనేది జేబులోకి ఎలా రావాలో తేల్చి చెప్పిన ఆట మాత్రం రిడ్జ్ రేసరే అని నా గట్టి నమ్మకం. బొమ్మలు బాగుండటం అందుకు ఒక కారణం మాత్రమే. అసలు కారణం వెతకాలంటే నాణెం వేసి ఆడుకునే రోజులకు వెళ్లాలి.

నాణెం పెట్టిన గడువు

నామ్కో కథ కార్లతో మొదలవలేదు, గుర్రాలతో మొదలైంది. 1955లో మసాయా నకమురా అనే ఆయన యొకొహామాలోని ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ పైకప్పు మీద పిల్లలెక్కి ఊగే రెండు యంత్రపు గుర్రాలు పెట్టి వ్యాపారం ఆరంభించారు. పిల్లవాడు ఎక్కుతాడు, నాణెం పడుతుంది, కాసేపు ఊగుతాడు, దిగుతాడు, తర్వాతి పిల్లవాడు ఎక్కుతాడు. పాతికేళ్ల తర్వాత అదే సంస్థ ప్యాక్-మ్యాన్ చేసింది. 1982లో పోల్ పొజిషన్ చేసింది. కారు వెనక కెమెరా, దూరంగా ఒక బిందువులో కలిసిపోయే రోడ్డు, పక్కన ప్రకటనల బోర్డులు... తర్వాతి రేసింగ్ ఆటలన్నీ నడిచిన దారి చాలావరకు అదే వేసింది. 1986లో సెగా తరఫున యు సుజుకి ఔట్‌రన్ తెచ్చారు. ఎర్రటి ఓపెన్ టాప్ కారు, పక్క సీట్లో అమ్మాయి, నచ్చిన పాట పెట్టుకునే రేడియో, దారి చీలినచోట ఎటు పోవాలో తేల్చుకునే స్వేచ్ఛ.

ఇవన్నీ ఆర్కేడ్‌లో, అంటే నాణేలు వేసి ఆడే కేంద్రాల్లో నిలబడిన ఆటలు. అక్కడ ఆటకు రెండు షరతులుండేవి. వందల కొద్దీ మిషన్ల మధ్య నడిచిపోతున్న మనిషిని ఆపాలి. ఆపాక మూడు నాలుగు నిమిషాల్లో తృప్తిపరిచి పంపాలి. వాడు లేస్తేనే గదా ఇంకో నాణెం పడేది! అందుకే నేర్చుకోవడానికి అరనిమిషం కూడా పట్టకూడదు. గేరు నిష్పత్తులు, టైర్లలో గాలి, సస్పెన్షన్ గట్టిదనం లాంటి చర్చలకు చోటే లేదు. కూర్చోగానే వేగం తెలియాలి. చెక్‌పాయింట్‌కు చేరేలోపు టైమ్ అయిపోతే ఆట ముగిసిపోవాలి. కానీ ఓడినవాడికి తప్పు ఎక్కడ జరిగిందో స్పష్టంగా కనబడాలి. ‘ఆ ఒక్క మలుపు సరిగ్గా తిప్పి ఉంటే...’ అనిపించాలి. లేకపోతే రెండో నాణెం జేబులోంచి బయటికి రాదు.

ఈ షరతులకు లోబడి 1993లో పుట్టింది మొదటి రిడ్జ్ రేసర్. సిస్టమ్ 22 అనే బోర్డు మీద నడిచేది. అంతకు ముందు ఏడాది సెగా వదిలిన వర్చువా రేసింగ్‌లో కొండలూ కార్లూ రంగు కాగితం ముక్కలు అతికించినట్టు చదునుగా ఉండేవి. రిడ్జ్ రేసర్‌లో గోడకు ఇటుకలు కనబడ్డాయి, రోడ్డుకు తారు కనబడింది, పైన హెలికాప్టర్ తిరిగింది. దృశ్యం సెకనుకు అరవైసార్లు మారేది. షింజి హొసోయే, నొబుయోషి సానో, అయాకో సాసో కట్టిన టెక్నో సంగీతం చెవులు అదరగొట్టేది. ఇంతటితో ఆగలేదు. ఫుల్ స్కేల్ అనే మరో రూపంలో నిజమైన మాజ్దా కారునే, ఎర్రటి యూనోస్ రోడ్‌స్టర్‌ను, గోడంత తెర ముందు నిలబెట్టారు. ఆడేవాళ్లు ఆ కార్లోనే ఎక్కి కూర్చునేవారు. ఒక ఆట కోసం అసలు కారును తెచ్చి పెట్టేంత పిచ్చి ఉన్న సంస్థ, పదకొండేళ్ల తర్వాత అదే అనుభూతిని 4.3 అంగుళాల తెరలోకి దించగలిగింది. అంత పెద్ద కారు పోయినా ఆట పోలేదంటే, మజా కారులో కాకుండా మలుపులో ఉన్నట్టే.

అబద్ధమే కానీ పద్ధతైన అబద్ధం

ఆర్కేడ్ ఆట అంటే భౌతికశాస్త్రం తెలియనివాళ్లు చేసిన ఆట అనుకుంటారు కొందరు. ఇంతకంటే అన్యాయమైన మాట లేదు. 1997 డిసెంబరులో వచ్చిన గ్రాన్ టురిస్మో నిజమైన కార్ల బరువును, టైరు పట్టును, ఇంజిన్ బలాన్ని లెక్కగట్టి తెరమీదకు తెచ్చింది. గొప్ప పనే. రిడ్జ్ రేసర్ కూడా లెక్కలే కట్టింది, కాకపోతే వేరే లెక్కలు. ఈ మలుపులో ఆడేవాడి ఒంట్లో ఏ క్షణాన ఉలికిపాటు రావాలి, ఏ క్షణాన ఊపిరి పీల్చుకోవాలి అన్నది ఆ లెక్క.

దాని నియమాలు చూడండి. గోడకు గుద్దుకుంటే కారు తునాతునకలు కాదు, సొట్ట కూడా పడదు, కానీ వేగం పడిపోతుంది. ఆ వేగం మళ్లీ అందుకునేలోపు ఇద్దరు ముగ్గురు దాటిపోతారు. ముందు కారును వెనకనుంచి తగిలితే వాడు ముందుకు జారతాడు, మనం వెనక్కి పడతాం. కాబట్టి కోపం పనికిరాదు, సందు చూసుకోవాలి. డ్రిఫ్ట్, అంటే మలుపులో అలా అడ్డంగా జారడం, మొదలుపెట్టడం తేలిక, ఆపడమే కష్టం. మరీ ముందు మొదలుపెడితే లోపలి గోడ తగులుతుంది. ఆలస్యం చేస్తే బయటి గోడ. జారుతున్నప్పుడు స్టీరింగ్ మరీ పట్టుకుంటే అవతలివైపుకు జారడం మొదలై, బండి పాములా మెలికలు తిరుగుతుంది. ఇక్కడ ప్రకృతి నియమాలు కాకుండా నామ్కో నియమాలు నడుస్తాయి. కానీ ఒకసారి పెట్టిన నియమాన్ని ఆట ఎన్నడూ తప్పదు. అదే దాని నిజాయితీ.

పీఎస్పీ ఆటలో ప్రతి కారుకూ ఒక స్వభావం ఉంటుంది. మైల్డ్, స్టాండర్డ్, డైనమిక్ అని మూడు రకాలు. మైల్డ్ కారు రోడ్డును పట్టుకుని నెమ్మదిగా జారుతుంది. డైనమిక్ కారు మాట వినదు, వేలు కదిపితే చాలు అడ్డం తిరుగుతుంది. కొత్తవాళ్లకు అది చుక్కలు చూపిస్తుంది. అలవాటైతే మాత్రం అంత పదునైన బండి ఇంకోటి ఉండదు. ఈ కార్ల కంపెనీలన్నీ కల్పితం. కమాటా, అస్సొలూటో, గ్నాడే, డాన్వర్... ఎక్కడా లేని బ్రాండ్లు, ఎక్కడా లేని కార్లు. అసలు కంపెనీల కార్లు కానందువల్ల నిజం కారులా నడవాల్సిన బాధ్యత కూడా వాటికి లేదు. 1994లో ఇంటికి వచ్చిన మొదటి ప్లేస్టేషన్ రూపంలోనైతే కార్లకు నామ్కో సొంత పాత ఆటల పేర్లే పెట్టారు. మ్యాపీ, జెవియస్, గలగ రోడ్డెక్కి పరుగెత్తాయి.

పీఎస్పీ కోసం కొత్తగా కలిపింది నైట్రస్. మూడు ట్యాంకులు. డ్రిఫ్ట్ చేస్తేనే నిండుతాయి. ఎంత వేగంగా, ఎంత సేపు జారితే అంత త్వరగా నిండుతాయి. ఇక్కడే ఆ డిజైనర్ల తెలివికి చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. అంతకు ముందు మలుపు అంటే భయపడాల్సిన చోటు, తిన్నని రోడ్డు అంటే హాయి. నైట్రస్ వచ్చాక లెక్క తిరగబడింది. మలుపులో సంపాదించాలి, తిన్నని రోడ్డు మీద ఖర్చు పెట్టాలి. మూడు ట్యాంకులూ నిండి ఉంటే ఇప్పుడే వాడాలా, ఆఖరి ల్యాప్ దాకా దాచుకోవాలా? దాచుకుంటే తర్వాతి మలుపులో సంపాదించింది పెట్టుకోవడానికి చోటుండదు. రెండు సెకన్లలో తేల్చుకోవాలి, అది కూడా అడ్డంగా జారుతూ. సీసైడ్ రూట్ 765 అనే తొలి ట్రాక్‌లో కూడా ఈ తర్జనభర్జన ఉంటుంది. ఆర్కేడ్ రోజుల్లో చూసిన ట్రాకే, కొత్త బట్టలు తొడుక్కుని వచ్చింది. దారి తెలిసినవాళ్లు కూడా దాన్ని మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

ఎదురుచూపు కూడా ఆటే

ఆటంటే రేసు మొదలయ్యాక ఉండేదొక్కటే కాదు. సీడీ తిరిగే కాలంలో లోడింగ్ అనేది ఒక శిక్ష. నామ్కో ఆ శిక్షను కానుకగా మార్చింది. మొదటి ప్లేస్టేషన్‌లో రిడ్జ్ రేసర్ లోడ్ అవుతుంటే తెరమీద గలాక్సియన్ కనిపించేది. 1979 నాటి ఆట. కింద చిన్న విమానం, పైన వరుసలుగా శత్రువులు. అందరినీ కాల్చేస్తే రేసులో మరిన్ని కార్లు ఇచ్చేవారు. అంతా మెషిన్ జ్ఞాపకంలోకి ఎక్కేశాక డిస్క్‌తో పని ఉండదు. దాన్ని తీసి మనకిష్టమైన పాటల సీడీ పెట్టుకుని, ఆ పాటల మీద రేసు నడపొచ్చు. పదేళ్ల తర్వాత పీఎస్పీలో ఆట మొదలయ్యేలోపు న్యూ ర్యాలీ-ఎక్స్ ఆడుకోవచ్చు. చిట్టి కారు సందుల్లో తిరుగుతూ జెండాలు ఏరుకునే పాత ఆర్కేడ్ ఆట అది.

ఈ ఆలోచన మీద నామ్కో పేటెంటు కూడా తీసుకుంది. 1995లో దరఖాస్తు చేసింది, 2015లో గడువు తీరింది. నాకు ఇందులో నచ్చనిది ఇదొక్కటే. లోడింగ్‌లో చిన్న ఆట పెట్టడమనే సరదాను ఇరవై ఏళ్లు గొళ్లెం పెట్టి ఉంచారు. పేటెంటు పోయేసరికి లోడింగే తగ్గిపోతూ వచ్చింది.

అరచేతిలో ఎనిమిది మంది

2004 నాటికి చేతిలో ఆడే ఆట అంటే గేమ్ బాయ్ అడ్వాన్స్. తెర 2.9 అంగుళాలు, చుక్కలు అడ్డం 240, నిలువు 160. పీఎస్పీ తెర 480, 272. వెడల్పాటి సినిమా తెర ఆకారం. రేసింగ్‌కు ఈ వెడల్పే ప్రాణం. ఎదురుగా వచ్చే మలుపు ముందే కనబడుతుంది, పక్కనుంచి దాటే కారు కంటి కొసన మెరుస్తుంది. యూఎండీ అనే 1.8 గిగాబైట్ల బుల్లి డిస్క్ లోపల గిర్రున తిరుగుతుంటే ఆ చిన్న అదురు వేళ్లకు తెలిసేది. ఎడమ బొటనవేలి కింద చిన్న బిళ్లలాంటి మీట. అంత చిన్న మీటతో కారును సున్నితంగా తిప్పడం అందరికీ కుదిరేది కాదు, బాణం గుర్తుల బటన్లే మేలనేవాళ్లూ ఉన్నారు. ఆట రెండింటినీ ఒప్పుకునేది.

ఒక రేసు సాధారణంగా మూడు ల్యాపులు, మూడు నాలుగు నిమిషాలు. నాణెం పెట్టిన గడువు ఇదే! నాణెం పోయింది, గడువు మిగిలింది. రైలు స్టేషన్‌లో ఆగినప్పుడు, క్లాసుకూ క్లాసుకూ మధ్య, పాలు పొంగేలోపు, ఒక రేసు అయిపోతుంది. అయిపోయినా లోటు అనిపించదు, ఎందుకంటే పుట్టుకలోనే దానికి మొదలూ తుదీ మూడు నిమిషాల్లో అమిరిపోయాయి. గ్రాన్ టురిస్మో సంగతి చూస్తే తేడా తెలుస్తుంది. పీఎస్పీకి అది వస్తుందని 2004లోనే ప్రకటించారు. చేతికొచ్చింది 2009 అక్టోబరులో. ఎనిమిది వందలకు పైగా కార్లు తెచ్చింది, కానీ వాటిని గెలుచుకుంటూ సాగే పూర్తిస్థాయి కెరీర్ తేలేదు. మహా గ్రంథాన్ని జేబులో పెట్టుకున్నట్టు ఉండేది. తీసి చదవబోతే స్టేషన్ వచ్చేసేది.

ఆ మూడు నిమిషాల మరో లాభం మా ఇంట్లో చూశాను. పెద్దమ్మ కొడుకు అమెరికా నుంచి సంక్రాంతికి వస్తూ పీఎస్పీ తెచ్చాడు. పరికరం ఒకటే, పిల్లలు అరుగు నిండా. అత్త కూతురు వాడి మోచేతిని వదలకుండా పట్టుకుంది. ‘‘బావా, ఈ ఒక్కసారీ! గోడకు తగిలితే వెంటనే నీకిచ్చేస్తా’’ అంది. ‘‘తగిలినా తగలకపోయినా ఒక రేసే. వరసలో కూర్చో’’ అన్నాడు వాడు. పోట్లాట రాలేదు. ఎవరి వంతు ఎప్పుడు అయిపోతుందో అందరికీ తెలుసు కాబట్టి. ఆ పిల్ల మొదటి మలుపులోనే గోడకు కొట్టింది, రెండో మలుపులో కూడా కొట్టింది. మూడో ల్యాప్‌లో ఒక్కసారి కారు అడ్డంగా జారి బయటపడేసరికి తనే ఒంగి, భుజం కూడా వంచేసింది. ‘‘చూశావా అత్తా!’’ అని మా అమ్మను కేకేసింది. పన్నెండో స్థానంలో మొదలుపెట్టి తొమ్మిదో స్థానంలో ఆపింది. గెలిచినదానికంటే ఎక్కువ మురిసిపోయింది. తలో పీఎస్పీ ఉన్నవాళ్లైతే తీగ లేకుండానే ఎనిమిది మంది కలిసి రేసు పెట్టుకోవచ్చు. మాకు ఉన్నది ఒకటే. వంతులే మా నెట్‌వర్క్.

ఈ ఆట పేరు గేమింగ్ లోకంలో అందరి నోట్లో నానేలా చేసింది మాత్రం ఒక వేదిక. 2006లో లాస్ ఏంజెలెస్ ఈ3 ప్రదర్శనలో సోనీ తరఫున కజ్ హిరాయ్ పీఎస్పీ మీద మొదటి ప్లేస్టేషన్ నాటి రిడ్జ్ రేసర్‌ను చూపించారు. తెరమీద పేరు రాగానే ఆనందం పట్టలేక ‘రిడ్జ్ రేసర్’ అంటూ దీర్ఘం తీసి అరిచారు. హాల్లో చప్పుడు లేదు. ఆ అరుపు మాత్రం ఇరవై ఏళ్లుగా మోగుతూనే ఉంది. జనం నవ్వుకున్నారు గానీ, నాకు అందులో ఇష్టం తప్ప ఇంకేదీ కనబడదు. ఆయనే 2012లో సోనీ అధిపతి అయ్యారు.

దారి తప్పిన చోట

ఇంత పట్టు దొరికిన వాళ్లు కూడా దాన్ని అన్నిచోట్లా నిలబెట్టుకోలేకపోయారు. 2004లోనే నింటెండో డీఎస్‌కు వచ్చిన రిడ్జ్ రేసర్‌లో కింది తెర మీద స్టీరింగ్ బొమ్మ గీసి, వేలితో తిప్పమన్నారు. చూడ్డానికి ముచ్చటే, చేతికి పట్టు దొరకదు. 2011 డిసెంబరులో పీఎస్ వీటాతో పాటు వచ్చిన రిడ్జ్ రేసర్ మరీ చిన్నబుచ్చింది. డబ్బు పెట్టి కొన్న ఆటలో ఐదు కార్లు, మూడు ట్రాకులు. మిగతావి కావాలంటే మళ్లీ కొనుక్కోవాలి. అభిమానులకు కోపం రావడం సహజం. అరుగు మీద వరసలో కూర్చున్న పిల్లలకు ఇవ్వడానికి అందులో ఏముంది?

నాణెం అలా వేరే వేషంలో తిరిగి వచ్చింది. అది పూర్తిగా తిష్ఠ వేసింది మాత్రం ఫోన్లలో.

ఏడు గళ్ల కారు నుంచి అస్ఫాల్ట్ దాకా

మన దగ్గర పీఎస్పీ చూసినవాళ్లు తక్కువ. చేతిలో కార్ల ఆట ఆడినవాళ్లు మాత్రం కోకొల్లలు. తిరునాళ్లలోనూ ఎగ్జిబిషన్లలోనూ బొమ్మల దుకాణాల్లో వేలాడిన బ్రిక్ గేమ్ గుర్తుందా? రెండు పెన్సిల్ సెల్స్, బూడిద రంగు తెర, అడ్డం పది గళ్లు, నిలువు ఇరవై. డబ్బా మీద 9999 ఆటలని రాసి ఉండేది. ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఒకటి కార్ల ఆట. ఏడు గళ్లతో ఒక కారు. ముందు ఒకటి, తర్వాత మూడు, మళ్లీ ఒకటి, చివర రెండు చక్రాలు. పైనుంచి అలాంటి కార్లే దిగుతుంటే పక్కకు తప్పుకోవడమే ఆట. ఇది కూడా ఆర్కేడే! ఏ మాన్యువల్ చదవకుండా ఎవరైనా ఆడగలిగేది, మెల్లగా వేగం పెరిగేది, చేసిన తప్పు కళ్లకు కట్టినట్టు కనబడేది.

ఆ పిల్లలే పెద్దయ్యాక నోకియా ఫోన్లలో, ఆపైన టచ్ ఫోన్లలో అస్ఫాల్ట్ ఆడారు. దాన్ని చేసిన గేమ్‌లాఫ్ట్ ఫ్రెంచి సంస్థ. హైదరాబాద్‌లోనూ దానికి స్టూడియో ఉండేది. మొదటి అస్ఫాల్ట్ కూడా 2004లోనే వచ్చింది, అంటే పీఎస్పీ రిడ్జ్ రేసర్‌కు తోటి వయసుదే. మలుపులో జారడం, నైట్రో వదలడం మన కుర్రాళ్ల వేళ్లకు నేర్పింది అదే. కానీ టచ్ తెరలో బటన్ లేదు, బొటనవేలికి ఆనుడు లేదు. 2018లో వచ్చిన అస్ఫాల్ట్ 9లో టచ్‌డ్రైవ్ అనే పద్ధతిలో స్టీరింగ్ కూడా ఆటే తిప్పుకుంటుంది. మనం దారి ఎంచుకుని, నైట్రో ఎప్పుడు వదలాలో చూసుకుంటే చాలు. బస్సులో ఒంటి చేత్తో ఆడేవాళ్లకు అది సుఖమే, కాదనను. కానీ మలుపు తిప్పే పని మనది కానప్పుడు తప్పు కూడా మనది కాదు. తప్పు మనది కానప్పుడు మళ్లీ ఆడాలన్న కసి ఎక్కడినుంచి వస్తుంది? పైగా మంచి కారు కోసం బ్లూప్రింట్లు పోగుచేయాలి, లేదా డబ్బు పెట్టాలి. పాత ఆర్కేడ్‌లో నాణెం వేస్తే అందరికీ అదే కారు, అదే రోడ్డు. జేబులో ఎంతున్నా వేగం మాత్రం వేళ్లదే.

అందుకే 2025 జూన్ 5 నాకు పండగరోజులా అనిపించింది. నింటెండో స్విచ్ 2 విడుదలైన రోజే, హామ్‌స్టర్ అనే జపాన్ సంస్థ తన ఆర్కేడ్ ఆర్కైవ్స్ 2 వరుసలో 1993 నాటి అసలు ఆర్కేడ్ రిడ్జ్ రేసర్‌ను విడుదల చేసింది. ఇంట్లో ఆడుకోవడానికి ఆ అసలు రూపం రావడం ఇదే మొదటిసారి. ప్లేస్టేషన్ కోసం సెకనుకు ముప్పైకి కుదించిన దృశ్యాలు ఇందులో మళ్లీ అరవై అయ్యాయి. టీవీకి తగిలించక్కర్లేదు, చేతిలో పట్టుకునే ఆడొచ్చు. నైట్రస్ లేదు, మూడు ట్యాంకుల తర్జనభర్జన లేదు, ఉన్నదల్లా గడియారం, పదకొండు మంది ప్రత్యర్థులు, మలుపులు. నాణెం వేయడానికి ఒక బటన్ ఉంది. ఎన్నిసార్లు నొక్కినా ఖర్చు లేదు.